రెండు నిమిషాల పరిచయాన్ని రెండు నిమిషాలుగానే రాయడం: ఒక నివాళి వ్యాసం మీద కేస్ స్టడీ

పేరున్న మనిషి పోయాక సంస్మరణ సంచిక వేస్తే దానికి రకరకాల వ్యాసాలొస్తాయి. ఏళ్ల తరబడి వెంట తిరిగిన శిష్యులు రాస్తారు, కలిసి పనిచేసినవాళ్లు రాస్తారు, ఇంట్లోవాళ్లు రాస్తారు. వీటితో ఎడిటర్‌గా నాకు పెద్ద ఇబ్బంది ఉండదు. వాళ్ల దగ్గర చెప్పడానికి బోలెడంత ఉంటుంది కాబట్టి నేను చేయాల్సింది చాలావరకు తగ్గించడమే. నన్ను కూర్చోబెట్టి పని చేయించేవి వేరే ఉన్నాయి. జీవితంలో ఒకే ఒక్కసారి, స్టేజి వెనకో మెట్ల దగ్గరో ఆ మనిషిని కలిసి, రెండు మాటలు మాట్లాడి వచ్చేసినవాళ్లు రాసేవి. కవర్లు విప్పగానే నేను ముందు చదివేదీ వాటినే. తనకి ఏ సంబంధమూ లేని, మళ్లీ ఎప్పుడూ కనపడబోని ఒక మనిషితో ఆయన ఎలా ఉన్నారన్నది శిష్యుల వ్యాసాల్లో దొరకదు, ఇంట్లోవాళ్ల వ్యాసాల్లో అంతకన్నా దొరకదు.

కానీ ఆ వ్యాసాలు నా దగ్గరికి వచ్చేసరికి దాదాపు అన్నిటికీ ఒకటే జబ్బు. రాసినవాళ్లకి తమ పరిచయం మరీ చిన్నదన్న బెరుకు ఉంటుంది. దాన్ని కప్పడానికి చుట్టూ జీవిత చరిత్ర పేరుస్తారు, అవార్డులు పేరుస్తారు, చివరికి ఆ రెండు నిమిషాల్ని కూడా కొంచెం సాగదీస్తారు. అబద్ధం చెప్పాలని కాదు, నిజం చాలదేమోనన్న భయంతో. అలాంటి ఒక వ్యాసం మొదటి డ్రాఫ్ట్ నుంచి అచ్చు దాకా ఎలా వచ్చిందో, మధ్యలో ఏం తీశాం, ఏం ఉంచాం, ఎందుకన్నది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. రాసినావిడ అనుమతి తీసుకున్నాను. ఆవిడ ఎవరో, పోయినాయన ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను.

వచ్చిన డ్రాఫ్ట్

ఆవిడకి యాభై దాటాయి, ఆఫీసు ఉద్యోగం. చిన్నప్పుడు కొన్నేళ్లు సంగీతం నేర్చుకుని మానేశారు. పోయినాయన పెద్ద గాయకుడు, ఆవిడ తరంవాళ్లు ఆయన పాట వింటూనే పెరిగారు.

డ్రాఫ్ట్ పది పేజీలు. మొదట ఆయన పుట్టుక, గురువులు, బిరుదులు. తర్వాత పాటల జాబితా, ఒక్కో పాట పక్కన "అజరామరం", "న భూతో న భవిష్యతి". ఆ తర్వాత ఆయన లేని లోటు గురించి రెండు పేజీలు. కలిసిన సంగతి తొమ్మిదో పేజీలో మొదలై తొమ్మిదో పేజీలోనే అయిపోయింది. ఆ పేరా ఇదీ:

"ఆనాడు కచేరీ ముగిశాక ఆ మహానుభావుడి దర్శనభాగ్యం కలిగింది. నా పుస్తకంలో సంతకం చేసి, నా తల మీద చెయ్యి వేసి, ‘అమ్మా, పాట మనల్ని ఎన్నడూ వదలదు, మనమే దాన్ని వదిలిపెడతాం’ అన్నారు. ఆ ఒక్క మాట నా జీవితానికి వెలుగుబాట అయింది."

ఇందులో గది లేదు, వెలుతురు లేదు, ఆయన నిలబడ్డారో కూర్చున్నారో లేదు. ఏ గాయకుడి పేరు పెట్టినా, ఏ అభిమాని పేరు పెట్టినా సరిపోతుంది. అంతకన్నా నన్ను ఆపింది చివరి వాక్యం. ఫోన్లో మాట్లాడినప్పుడు, ఆయన్ని కలిశాక మళ్లీ పాడారా అని అడిగితే, లేదండీ, ఆ తర్వాత ఎప్పుడూ పాడలేదు అన్నారు. వెలుగుబాట అయిన మాట ఒకటుంది, ఆ బాటలో ఆవిడ ఒక్క అడుగు కూడా వేయలేదు. ఈ రెండూ ఒకదానికొకటి అతకట్లేదు. ఎక్కడైనా ఇలా అతకకపోతే నిజమైన వ్యాసం అక్కడే ఉందని నా అనుభవం.

మెయిల్ చివర ఇంకో రెండు లైన్లున్నాయి. "ఇది వేసుకోకపోయినా ఏమీ అనుకోను. నాకు ఆయనతో పరిచయం ఉందని కూడా అనలేను." పది పేజీల్లో లేని మనిషి నాకు ఆ రెండు లైన్లలో కనిపించింది. వెనక్కి పంపకుండా, కలిసి మాట్లాడదామని అడిగాను.

ఎందుకు సాగదీస్తారు

మొదటి ఫోన్ కాల్లోనే ఆవిడ ఇంకో మాట చెప్పారు. ఆయన పోయిన రోజు ఏడుస్తుంటే కొడుకు, "ఆయనకి నువ్వెవరో కూడా తెలీదు కదమ్మా, ఇంత బాధ దేనికి?" అన్నాడట. కొడుకు చెడ్డవాడేం కాదు, తల్లిని ఊరుకోబెట్టాలని అన్నాడు. కానీ ఆవిడ మనసులో ఆ మాట ముల్లులా దిగిపోయింది. వ్యాసం పది పేజీలవడానికి కారణం అదేనని నాకు తర్వాత అర్థమైంది.

తెర మీదో రేడియోలోనో మాత్రమే తెలిసిన మనిషితో మనకి ఏర్పడే ఒకవైపు బంధం గురించి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారు. అమెరికాలో టీవీ ఇళ్లలోకి వచ్చి కొన్నేళ్లే అయిన రోజులు. చూసేవాళ్లకి ఆ మనిషి దగ్గరివాడిలాగే అనిపిస్తాడు, అవతలి మనిషికి మాత్రం వీళ్లు ఉన్నారనే తెలియదు. ఇక చుట్టూ ఉన్నవాళ్లు దుఃఖంగా ఒప్పుకోని దుఃఖం ఎలా ఉంటుందన్నది కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో పుస్తకంగా తెచ్చారు. నీకు ఏడ్చే హక్కు ఎక్కడుందని అందరూ అడిగే చోట, బాధతో పాటు ఆ బాధని సమర్థించుకునే పని కూడా నెత్తిన పడుతుంది.

ఒక్కసారి కలిసినవాళ్ల విషయంలో ఇది ఇంకా మెలిక పడుతుంది. ఏళ్ల తరబడి ఒకవైపే ఉన్న బంధం ఆ రెండు నిమిషాలు మాత్రం రెండువైపులా ఉంది. ఆయన పేరడిగారు, ముఖంలోకి చూశారు, మాట్లాడారు. కొడుకు ప్రశ్నకి ఆవిడ దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం అది. వాదనలో ఒక్కటే సాక్ష్యం ఉన్నవాళ్లు దాన్ని పెద్దది చేసుకోకుండా ఉండలేరు. అందుకే ఇలాంటి వ్యాసాన్ని చూసి "అతిశయోక్తులు తగ్గించండి" అని మార్జిన్లో రాసి పంపేస్తే పని జరగదని నేను గట్టిగా నమ్ముతాను. ముందు ఆ సాక్ష్యం అవసరమే లేకుండా చేయాలి. కలిసినప్పుడు ఆవిడకి నేను చెప్పింది ఒక్కటే. ఈ సంచికలో చోటు కోసం మీరు ఆయనకి దగ్గరని నిరూపించుకోనక్కర్లేదు, మీ పేజీ మీకు ఉంది, ఇప్పుడు ఏం జరిగిందో చెప్పండి అన్నాను. మనిషి కుర్చీలో వెనక్కి వాలడం కళ్లారా చూశాను.

గుర్తు చేసుకోవడం

కూర్చోకముందే ఆవిడని రెండు విషయాలు అడిగాను. ఆ రోజు ఫోటో ఏదైనా ఉంటే నాకు చూపించొద్దు, మీరూ ఇప్పుడప్పుడే చూడొద్దన్నాను. ఆ రోజు మీతో ఎవరైనా వచ్చుంటే వాళ్లతో దీని గురించి ఇప్పుడే మాట్లాడొద్దన్నాను. రెండూ వినడానికి మొరటుగా ఉంటాయి, కానీ అవసరం. ఫోటో చూసిన క్షణం నుంచి జ్ఞాపకం ఫోటోలో ఉన్న కోణంలోకి మారిపోయే ప్రమాదం ఉంది. కింబర్లీ వేడ్ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం 2002లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్పుడు హాట్ ఎయిర్ బెలూన్ ఎక్కినట్టు మార్చిన దొంగ ఫోటో చూపిస్తే, పాల్గొన్న 20 మందిలో సగం మంది ఎప్పుడూ జరగని ఆ ప్రయాణాన్ని ఎంతో కొంత గుర్తు తెచ్చుకున్నారు. తోటి సాక్షితో మాట్లాడినా అంతే. ఫియోనా గాబర్ట్, ఇంకో ఇద్దరు కలిసి 2003లో చేసిన పనిలో, ఒకే సంఘటనని వేర్వేరు కోణాల్లో చూసినవాళ్లు తర్వాత మాట్లాడుకుంటే, వాళ్లలో 71 శాతం మంది తాము చూడనే చూడని దాన్ని కనీసం ఒక్కటైనా చూసినట్టు చెప్పారు.

ప్రశ్నలు అడగడానికి నేను వాడేది పోలీసు సాక్షుల కోసం రోనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గైసెల్మన్ అనే మనస్తత్వవేత్తలు 1980లలో తయారుచేసిన కాగ్నిటివ్ ఇంటర్వ్యూ పద్ధతి. ముందు ఆ చోటుని, ఆ పరిసరాల్ని మనసులోకి తెచ్చుకోమంటారు. ముఖ్యం కాదనిపించినవి కూడా వదలకుండా చెప్పమంటారు. తర్వాత చివర్నుంచి మొదటికి చెప్పమంటారు. ఇంకొకరి వైపు నుంచి చూసినట్టు చెప్పమనే నాలుగోది కూడా ఉంది, దాన్ని మాత్రం నేను వాడను. అది ఊహని పిలుస్తుంది, నివాళి వ్యాసాల్లో ఊహకి కొదవ ఎప్పుడూ లేదు.

ఇంకోటి, "ఆయన ఎలా ఉన్నారు?" అని నేను చచ్చినా అడగను. అడిగితే వచ్చే జవాబు "ఎంతో నిరాడంబరంగా ఉన్నారండీ". అందరి దగ్గరా అదే. తలుపు ఎటు తెరుచుకుంది, ఎవరి వెనక నిలబడ్డారు, చేతిలో ఏముంది అని అడుగుతాను.

ఆవిడ నెమ్మదిగా మొదలుపెట్టారు. స్టేజి పక్క తలుపు. ఇరుకు కారిడార్, ఒక పక్క ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, వాటి పక్క నుంచి ఒంటి మనిషి మాత్రమే నడిచే సందు. గదిలో తంబూరాకి గుడ్డ తొడుగు వేస్తున్న కుర్రాడు. ఆయన మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు, కప్పిన శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పక్కన బల్ల మీద స్టీలు గ్లాసు. అలిసిపోయి ఉన్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇక్కడ ఆవిడ ఆగి, "ఇది రాయకూడదేమో కదండీ" అన్నారు. రాసే సంగతి తర్వాత, ఇప్పుడు చెప్పండి అన్నాను.

"మీ చేతిలో ఏముంది?"

"నోట్‌బుక్. పాఠాలు రాసుకున్నది. దాన్నే తీసుకెళ్లాను."

"ఆయన ఏమన్నారు?"

"పేరేంటమ్మా అన్నారు. చెప్పాను. రాయబోతే పెన్నులో సిరా పడలేదు. గట్టిగా నొక్కి, మళ్లీ గీసి..." చెయ్యి గాలిలో గీస్తున్నట్టు కదిలింది. "అప్పుడు నేనూ పాడేదాన్నండీ అనేశాను. అనాలనుకోలేదు, వచ్చేసింది."

"ఆయన?"

"తలెత్తారు. ఇప్పుడు పాడట్లేదా అన్నారు. మానేశానండీ అన్నాను. ఎందుకు మానేశావు అన్నారు."

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్పలేదండీ. నోట్లో మాట రాలేదు. ఈలోపు కారొచ్చిందని ఎవరో పిలిచారు, ఆయన లేచారు. పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు."

తర్వాత చాలాసేపు ఆవిడ ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అడగలేదు. కాసేపటికి తనే, "తల మీద చెయ్యి పెట్టలేదండీ. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో పెన్ను. ఎలా పెడతారు?" అన్నారు.

చివర్నుంచి మొదటికి చెప్పించినప్పుడు కూడా ఇదే వరస నిలబడింది. అప్పుడే, ‘పాట మనల్ని ఎన్నడూ వదలదు’ అన్న మాట ఇందులో ఎక్కడొచ్చింది, పెన్నులో సిరా పడకముందా, కారొచ్చిందన్న తర్వాతా అని అడిగాను. తప్పు పట్టే గొంతుతో కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆవిడ వెతుక్కున్నారు. పేరడగడానికీ సంతకానికీ మధ్య పెట్టి చూశారు, ఇమడలేదు. లేచాక పెట్టి చూశారు, ఆయన అప్పటికే తలుపు వైపు తిరిగారు. "కానీ ఆయన గొంతులోనే వినపడుతోందండీ" అన్నారు. ఆ మాట నేను పూర్తిగా నమ్మాను.

సరిచూసుకోవడం

ఆ వాక్యం ఎక్కడిదో ఆవిడే పట్టుకున్నారు. ఈ కలయిక జరిగిన కొన్నేళ్లకి ఆయన ఇచ్చిన ఒక టీవీ ఇంటర్వ్యూలో ఉంది. గొంతు ఆయనదే, మాట ఆయనదే, చెప్పింది మాత్రం యాంకర్‌కి. విషయం గుర్తున్నంత మాత్రాన అది ఎక్కడ విన్నామన్నది గుర్తున్నట్టు కాదని, దాన్ని మనసు అంచనా వేసుకుంటుందని, ఆ అంచనా తప్పొచ్చని మార్సియా జాన్సన్, ఇంకో ఇద్దరు 1993 నాటి వ్యాసంలో వివరంగా రాశారు. పేరున్నవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే వాళ్ల గొంతు మన చెవిలో ఎప్పుడూ ఉంటుంది. ప్రపంచంలో మంచి వాక్యాలన్నీ తిరిగి తిరిగి ఐన్‌స్టైన్ దగ్గరికో గాంధీ దగ్గరికో చేరడం మనం చూస్తూనే ఉన్నాం. ఇక్కడ ఆ వాక్యానికి ఇంకో పని కూడా ఉంది. ఆయన అడిగిన ప్రశ్నకి ఆవిడ జవాబు చెప్పలేదు. ఆ ఖాళీలో, ఆయనే జవాబు చెప్పేసినట్టుగా ఈ మాట వచ్చి కూర్చుంది. ఇది నా ఊహ, కానీ ఆవిడకి చెప్పినప్పుడు కాదనలేదు.

తర్వాత నోట్‌బుక్ తెచ్చారు. పేజీలో ఒక పక్క స్వరాలు, కింద సంతకం. మొదటి అక్షరం చోట సిరా లేదు. వేలితో తడిమితే గాడి తగులుతుంది, దాని మీదే మళ్లీ గీసిన గాడి, రెండో అక్షరం సగంలో సిరా పట్టుకుని అక్కడి నుంచి పేరు నల్లగా సాగింది. పెన్ను పడకపోవడం గురించి ఆవిడ చెప్పింది ఈ పేజీ చూడకముందు. నాకు ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

ఆ రోజు వెంట వెళ్లిన స్నేహితురాలితో నేను విడిగా మాట్లాడాను. పెన్ను ఆ స్నేహితురాలిదేనట. "రాయట్లేదని నేను బ్యాగ్‌లో ఇంకోటి వెతుకుతూనే ఉన్నా, ఆయనే గీకి గీకి రాసేశారు" అన్నారు. ‘ఎందుకు మానేశావు’ సంగతి అడిగితే, అలాంటిదేం గుర్తులేదన్నారు. తల బ్యాగ్‌లో పెట్టుకుని వెతుకుతున్న మనిషికి అది వినపడకపోవచ్చు. వినపడీ మర్చిపోయి ఉండొచ్చు. జరగకా పోయుండొచ్చు. మూడిట్లో ఏదన్నది తేల్చే దారి నాకు లేదు, అందుకే అచ్చులో ఆ వాక్యం ముందు "నాకు గుర్తున్నది ఇది" అని ఆవిడ చేతే రాయించాను. ఈ మూడు ముక్కల్ని బలహీనత అనుకుని తీసేసే ఎడిటర్లున్నారు. నేను ఒప్పుకోను.

తేదీ దగ్గర కొంచెం తంటా పడ్డాం. ఉద్యోగం మారిన ఏడాది అని ఆవిడ చెప్పారు, ఆ ఏడాది ఆయన ఆ హాల్లో పాడనే లేదని కచేరీ కరపత్రాలు చెబుతున్నాయి. పాత సంగతులు అసలు జరిగిన దానికన్నా దగ్గర్లో జరిగినట్టు అనిపించడం మామూలే. ఎలిజబెత్ లాఫ్టస్, వెస్లీ మార్బర్గర్ 1983లో దీని మీద పనిచేశారు. "గత ఆరు నెలల్లో" అని అడిగే బదులు, మౌంట్ సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం 1980 మేలో బద్దలైన దగ్గర్నుంచి అని ఒక పెద్ద గుర్తు పెట్టి అడిగితే జనం తేదీలు మెరుగ్గా చెప్పారు. మేమూ అలాగే చేశాం. అప్పటికి మీ అబ్బాయి పుట్టాడా? లేదు. పెళ్లయిందా? అయింది. దాంతో మూడేళ్లు వెనక్కి వెళ్లాం, కరపత్రంతో కలిసింది.

ఆయన పోయిన వార్త తెలిసిన క్షణం గురించి కూడా డ్రాఫ్ట్‌లో ఒక పేజీ ఉంది. వంటింట్లో గిన్నె చేతిలో ఉందని, జారి పడిందని. ఇలాంటివి కళ్లకి కట్టినట్టు గుర్తుంటాయని రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ 1977లో చెప్పారు. అంత గట్టిగా గుర్తుండటం వేరు, నిజమై ఉండటం వేరని తర్వాత తేలింది. 1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే ఎమరీ యూనివర్సిటీలో ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ 106 మంది విద్యార్థుల చేత ఆ వార్త ఎలా తెలిసిందో రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగితే 11 మంది చెప్పింది ఒక్క ముఖ్యమైన వివరంలోనూ పాతదానితో కలవలేదు. ధీమా మాత్రం చాలామందికి తగ్గలేదు. ఆవిడ గిన్నె నిజంగానే పడి ఉండొచ్చు. వార్త తెలిసి కొద్ది వారాలే అయింది కాబట్టి దాన్ని నేను ప్రశ్నించలేదు. తీసేయమన్నది వేరే కారణంతో. ఆ పేజీ ఆవిడ దుఃఖం ఎంతుందో కొలిచి చూపించడానికే ఉంది, అది కొడుక్కి చెప్పుకోవాల్సిన జవాబు, పాఠకుడికి అక్కర్లేదు. ఈ మాట చెప్పడానికి నాకు కొంచెం టెన్షన్‌గానే అనిపించింది, కానీ ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు.

ఏం ఉంచాం, ఏం తీశాం

జీవిత చరిత్ర మొత్తం పోయింది. సంచిక మొదట్లో ఎలాగూ ఉంటుంది. పాటల్లో ఒక్కటే మిగిలింది, ఆ రోజు కచేరీలో ఆయన చివర్న పాడింది.

అలసట, ఎర్రబడ్డ కళ్లు ఉంచాం. ఆవిడకి భయం, నాకు లేదు. అలిసిపోయిన మనిషి పెన్ను పడకపోతే పక్కన పెట్టేయొచ్చు, ఎవరో తెలియని మనిషి "నేనూ పాడేదాన్ని" అంటే నవ్వి ఊరుకోవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. అలసట తీసేస్తే ఆ ప్రశ్న విలువ కూడా పోతుంది.

బల్ల మీద గ్లాసు పక్కన మాత్రల స్ట్రిప్ ఉందని కూడా ఆవిడకి గుర్తుంది. అది తీసేశాను. ఆయన ఏ జబ్బుకి ఏం మందు వాడారన్నది ఆయన బతికుండగా బయటపెట్టలేదు, పోయాక ఇంట్లోవాళ్లు చెప్పుకుంటే వాళ్ల ఇష్టం, తెరిచిన తలుపులోంచి చూసినవాళ్లం మనం చెప్పకూడదు. కారొచ్చిందని పిలిచిన మనిషి మీద ఆయన ఒక మాట విసుక్కున్నారు, దాని గురించి మాత్రం మేమిద్దరం వాదించుకున్నాం. అది ఉంటే ఆయన మామూలు మనిషిలా కనిపిస్తారని నేను, ఆ పిలిచినతను ఎక్కడో ఉండి చదివితే బాధపడతాడని ఆవిడ. ఆవిడ మాటే నెగ్గింది. వ్యాసం ఆవిడది.

ఇక అసలు ప్రశ్న. రెండో డ్రాఫ్ట్ ‘ఎందుకు మానేశావు’ దగ్గర ఆగిపోయింది. చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. అయినా నాకు నచ్చలేదు. ప్రశ్న దగ్గర ఆపేస్తే జవాబు ఏదో పెద్ద విషాదమై ఉంటుందని చదివేవాళ్లు అనుకుంటారు. నిజంగా ఎందుకు మానేశారని ఆవిడని అడిగాను. ఇన్నాళ్లూ అందరికీ పెళ్లవడం వల్ల అని చెబుతూ వచ్చారట. నాతో చెప్పింది వేరు. మాస్టారు ఇంకో ఊరికి మారిపోయారు, కొత్త మాస్టారిని వెతుక్కోలేదు. వెతకొద్దని ఎవరూ అనలేదు. రేపు చూద్దాం అనుకుంటూ ఉండిపోయారు. "చెప్పుకోవడానికి కారణం లేదండీ, అందుకే ఆ రోజు నోరు పెగల్లేదు."

ఈ మూడు వాక్యాలు వ్యాసానికి గుండెకాయ అని నాకు అనిపించింది. చివర్న పెడితే ఒప్పుకోలు ప్రసంగంలా తయారవుతుంది. అందుకే మధ్యలో పెట్టాం, ఆయన ప్రశ్న వచ్చిన వెంటనే, ఆయన లేవకముందు. ఆయన అడిగారు, ఆవిడ చెప్పలేదు, చెప్పి ఉంటే ఇదీ చెప్పేది, ఈలోపు కారొచ్చింది, ఆయన వెళ్లారు. ఆ తర్వాత పాఠకుడికి కారిడార్లో కుర్చీలు, స్నేహితురాలు, బయట వాన. అంతే. టీవీ ఇంటర్వ్యూ వాక్యాన్ని కూడా పారేయలేదు. చాలా ఏళ్లు అది తనతో అన్నట్టే అనుకున్నానని, వెతికితే అది ఫలానా ఇంటర్వ్యూలోదని తేలిందని ఆవిడ ఒక పేరాలో రాశారు. వ్యాసంలో నాకు బాగా నచ్చిన పేరా అదే. ఆయన గొంతు ఒక మనిషి లోపల ఎంత లోతుకి దిగిందో అందులో తెలిసినట్టు పది పేజీల పొగడ్తల్లో తెలియలేదు.

పది పేజీలు రెండు పేజీల లోపుకి వచ్చింది. సంతకం బొమ్మ వేద్దామంటే స్కానర్‌లో గాడి కనపడలేదు, స్కానర్ వెలుతురు కాగితానికి ఆనించినట్టు పక్క నుంచి పడదు కాబట్టి సిరా ఉన్న చోటే వచ్చింది. పత్రాలు పరీక్షించేవాళ్లు చేసినట్టే పేజీని చీకటి గదిలో పెట్టి, ఒక పక్క నుంచి కాగితానికి ఆనించినట్టు టార్చి వేసి ఫోటో తీశాం. సిరా లేని మొదటి అక్షరం నీడగా వచ్చింది. సంచికలో ఈ వ్యాసాన్ని ఇద్దరు పెద్ద శిష్యుల వ్యాసాల మధ్య వేశాను, చివర్లో "అభిమానుల లేఖలు" కింద వేయమని కమిటీలో ఒకరు అన్నా ఒప్పుకోలేదు.

అచ్చయ్యాక కొన్నాళ్లకి స్నేహితురాలు ఫోన్ చేశారు. వ్యాసం చదివారట, చాలా సంతోషపడ్డారు. "ఇప్పుడు నాకూ గుర్తొస్తోందండీ, ఎందుకు మానేశావు అని ఆయన అడగడం. అప్పుడు మీరు అడిగితే తట్టలేదు" అన్నారు. థాంక్స్ చెప్పాను. ఫైల్లో ఆవిడ మొదట చెప్పిన మాటలు అలాగే ఉంచి, కింద ఈ ఫోన్ సంగతి తేదీ వేసి, "వ్యాసం చదివాక చెప్పినది" అని రాసుకున్నాను. రెండో ముద్రణలోనూ ఆ వాక్యం ముందు "నాకు గుర్తున్నది ఇది" అలాగే ఉంటుంది.